డాబా మీద పలకలున్నా తుపాను రాత్రి చీకటే: ఇంటి సోలార్‌కు బ్యాటరీ వైరింగు ఎలా వేయించాలి?

గౌతమి లంక:

అందరికీ నమస్కారం. మాది ముమ్మిడివరం వైపు, గౌతమి పాయను ఆనుకుని ఉన్న లంక ఊరు. 2024లో సూర్యఘర్ పథకం కింద డాబా మీద 3 కిలోవాట్ల సౌర పలకలు పెట్టించుకున్నాము. 78,000 రూపాయల రాయితీ వచ్చింది, నెట్ మీటరు (లైనుకు ఇచ్చిన, లైను నుంచి వాడిన కరెంటు రెండింటినీ లెక్కించేది) పెట్టారు, బిల్లు బాగా తగ్గింది. అంతవరకు సంతోషమే.

2025 అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటిన రాత్రి పోయిన కరెంటు మా వీధికి మూడో రోజు సాయంత్రానికి గాని రాలేదు. మరునాడు మధ్యాహ్నానికే ఎండ కాసింది. పలకల మీద ఎండ పడుతూనే ఉంది, కింద ఇంట్లో ఒక్క ఫ్యాను కూడా తిరగలేదు. అమ్మకు వేసే ఇన్సులిన్ సీసాలను తడిగుడ్డ చుట్టిన కుండలో పెట్టి కాపాడుకున్నాము. ఈసారి అలా జరగకూడదని బ్యాటరీ పెట్టించాలనుకుంటున్నాను.

అడిగిన ముగ్గురూ మూడు రకాల వైరింగులు చెప్పారు. ఒకరు ఇప్పుడున్న ఇన్వర్టరును తీసేసి హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టమన్నారు. ఇంకొకరు ఉన్నదాన్ని కదపకుండా దాని పక్కన బ్యాటరీ ఇన్వర్టరు కలపమన్నారు. మూడో ఆయన వేరే రెండు మూడు పలకలతో చిన్న వ్యవస్థను విడిగా పెట్టుకోమన్నారు. మా దగ్గర మూడేళ్ల కిందట కొన్న 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ ట్యూబులర్ (సీసం, ఆమ్లంతో పనిచేసే) బ్యాటరీలు రెండు కూడా ఉన్నాయి. రాత్రి మాకు కావలసినది అయిదు ఫ్యాన్లు, ఏడెనిమిది లైట్లు, ఫ్రిజ్, సెల్‌ఫోన్ల ఛార్జింగు, రోజుకు ఒక్కసారి ఒక హార్స్ పవర్ మోటారు. ఏ పద్ధతి మంచిదో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

తణుకు ఇంజినీరు:

ముందుగా మీ పలకలు ఎందుకు ఆగిపోయాయో చెబుతాను, ఎందుకంటే మూడు పద్ధతుల మధ్య తేడా అంతా అందులోనే ఉంది. మీ ఇంట్లో ఉన్నది గ్రిడ్‌తో, అంటే వీధి లైనుతో, కలిసి మాత్రమే పనిచేసే ఇన్వర్టరు. లైన్లో కరెంటు పోయిందని తెలియగానే అది తనంతట తానే ఆగిపోవాలి. అది లోపం కాదు, నియమం. అలా ఆగకపోతే తెగిన తీగను కలపడానికి స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మీ డాబా మీది కరెంటు తగులుతుంది. కాబట్టి ఏ పద్ధతిలోనైనా, బ్యాటరీతో నడిచే భాగం వీధి లైను నుంచి పూర్తిగా విడిపోయిన తరువాతే మేలుకోవాలి.

మొదటిది హైబ్రిడ్. పలకల నుంచి వచ్చే డి.సి. (ఒకే దిక్కున పారే కరెంటు) నేరుగా ఒకే పెట్టెలోకి వెళ్లి, అక్కడి నుంచి బ్యాటరీకి, ఇంటికి, గ్రిడ్‌కు పంచబడుతుంది. మార్పిడులు తక్కువ కనుక నష్టం తక్కువ. అయితే మీది రాయితీ తీసుకున్న, పంపిణీ సంస్థ పరీక్షించి నెట్ మీటరు ఇచ్చిన వ్యవస్థ. సంస్థ అనుమతి రాతపూర్వకంగా లేకుండా ఇన్వర్టరు మార్చకూడదు. పైగా ఆ ఒక్క పెట్టె చెడిపోతే పలకలు, బ్యాటరీ రెండూ ఒకేసారి ఆగిపోతాయి.

రెండోది, ఉన్న ఇన్వర్టరును అలాగే ఉంచి బ్యాటరీ ఇన్వర్టరును ఎ.సి. (వీధి లైనులో వచ్చే, దిక్కు మారుతూ ఉండే 230 వోల్టుల కరెంటు) వైపు కలపడం. లైను పోయినప్పుడు బ్యాటరీ ఇన్వర్టరు ఇంట్లో తానే ఒక చిన్న గ్రిడ్‌ను సృష్టిస్తుంది. దాన్ని చూసి మీ పాత ఇన్వర్టరు మళ్లీ పనిచేయడం మొదలుపెడుతుంది. వినడానికి అన్నిటికంటే అందమైన పద్ధతి ఇదే, చిక్కు కూడా దీనిలోనే ఎక్కువ. మధ్యాహ్నం పలకలు 3 కిలోవాట్లు ఇస్తుంటే ఇంట్లో 300 వాట్లే వాడుతున్నారనుకోండి. మిగిలినది పోవడానికి వీధి లైను లేదు, అంతా బ్యాటరీలోకే వెళ్లాలి. 51.2 వోల్టుల (48 వోల్టుల రకం) 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీని 50 ఆంపియర్లతో ఛార్జి చేయడం ఆరోగ్యకరం అనుకుంటే అది తీసుకోగలిగేది 2.5 కిలోవాట్లు మాత్రమే, నిండిపోయాక అదీ తీసుకోదు. అప్పుడు బ్యాటరీ ఇన్వర్టరు ఆ ఎ.సి. పౌనఃపున్యాన్ని, అంటే 50 హెర్ట్జ్‌ను, కొద్దికొద్దిగా పెంచుతుంది. పెరిగిన హెర్ట్జ్‌ను చూసి పాత ఇన్వర్టరు ఉత్పత్తి తగ్గించుకోవాలి. కొన్ని ఇన్వర్టర్లు అలా మెల్లగా తగ్గించుకుంటాయి. కొన్ని హద్దు దాటగానే టక్కున ఆగి, కొన్ని నిమిషాల తరువాత మళ్లీ మొదలై, మళ్లీ ఆగుతుంటాయి. మీ మోడల్ ఏ రకమో తయారీదారు నుంచి రాతలో తెలుసుకోకుండా ఈ దారి పట్టవద్దు. బ్యాటరీ ఇన్వర్టరు సామర్థ్యం పలకల ఇన్వర్టరు సామర్థ్యానికి తగ్గకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

మూడోది విడి వ్యవస్థ. నెట్ మీటరు వైపు ఒక్క తీగ కూడా ముట్టుకోము. అత్యవసరమైన ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్‌కు వేరే బోర్డు వేసి, దానికి కొత్త ఇన్వర్టరు, బ్యాటరీ, నాలుగు పలకలు ఇస్తాము. మామూలు రోజుల్లో అది లైను కరెంటును అలాగే దాటిస్తుంది, లైను పోతే బ్యాటరీ మీదకు మారుతుంది, పగలు తన పలకలతో నిండుతుంది. డబ్బు దృష్ట్యా ఇది కొంచెం ఎక్కువ కావచ్చు గాని, తుపాను తరువాత మూడు రోజులు ఎవరి సహాయమూ అందని లంక ఊరికి నేను దీన్నే సిఫారసు చేస్తాను.

రాజోలు మాస్టారు:

ఇంజినీరు గారు చెప్పినదానికి ముందు తేల్చుకోవలసిన సంగతి ఒకటుంది, బ్యాటరీ ఎంత ఎత్తున పెట్టాలి అన్నది. 2022 జులై వరదలో మీ ఇంట్లోకి ఎంత నీరు వచ్చిందో మీకు గుర్తుండే ఉంటుంది. అది చాలదు. 1986 ఆగస్టు వరద గుర్తు గోడ మీద ఎక్కడ ఉందో ఊళ్లో పెద్దవాళ్లను అడిగి తెలుసుకోండి, దానికి కనీసం రెండడుగుల పైన బ్యాటరీ అడుగుభాగం ఉండాలి. గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 17.75 లక్షల క్యూసెక్కులు దాటితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ కబురు విన్నాక 50 కిలోల బ్యాటరీని విప్పి మేడ మీదకు మోయడం ఎవరి తరమూ కాదు. గోడ మీద గీత ముందు, వైరింగు పటం తరువాత.

గౌతమి లంక:

మాస్టారూ, మంచి మాట చెప్పారు. 2022లో వరండాలో మోకాలి లోతు నిలిచింది. మా నాన్నగారు 1986 గుర్తును దూలం పక్కన మేకు కొట్టి పెట్టారు, అది నా భుజం కంటే పైన ఉంది. అంటే కింది అంతస్తులో ఎక్కడ పెట్టినా ప్రమాదమే. మెట్ల మలుపులో ఒక గోడ ఉంది, ఆ మేకుకంటే నాలుగడుగుల పైన. అయితే కింద ఉన్న మెయిన్ బోర్డుకు అక్కడి నుంచి 10 మీటర్ల దూరం వస్తుంది. బ్యాటరీని పైన, ఇన్వర్టరును కింద పెట్టవచ్చా?

తణుకు ఇంజినీరు:

వద్దు. రెండింటినీ పక్కపక్కనే పైన పెట్టి, దూరమంతా 230 వోల్టుల వైపు వేయండి. ఎందుకో లెక్క చూడండి. 3 కిలోవాట్ల భారానికి 48 వోల్టుల బ్యాటరీ నుంచి, నష్టాలతో కలిపి, సుమారు 72 ఆంపియర్లు లాగుతుంది. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులుకు మీటరుకు సుమారు 0.55 మిల్లీ ఓములు. పది మీటర్లు వెళ్లి పది మీటర్లు తిరిగి వస్తే 11 మిల్లీ ఓములు. దాని మీద 0.8 వోల్టు పడిపోతుంది, 57 వాట్లు ఊరికే వేడిగా పోతాయి. అదే కేబులు ఒకటిన్నర మీటరే ఉంటే తొమ్మిది వాట్ల లోపు. ఎ.సి. వైపు అయితే అదే భారానికి 13 ఆంపియర్లే కనుక, మామూలు 4 చదరపు మిల్లీమీటర్ల వైరు పది మీటర్లు వేసినా ఒకటిన్నర వోల్టు కూడా పడదు, 230లో అది లెక్కలోకి రాదు.

ఇదే లెక్క 24 వోల్టులు ఎందుకు వద్దో కూడా చెబుతుంది. వోల్టేజి సగమైతే కరెంటు రెట్టింపు, కరెంటు రెట్టింపయితే అదే వైరులో వేడి నాలుగు రెట్లు. మీ పాత ట్యూబులర్ బ్యాటరీలు రెండూ వరుసగా కలిపితే 24 వోల్టులే. వాటిని కొత్త లిథియంతో కలపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి. రెండింటి ఛార్జింగు వోల్టేజీలు వేరు, ఒకటి రెండోదాన్ని లాగి పాడు చేస్తుంది. వాటిని వాటి పాత ఇన్వర్టరుతోనే ఒక గదికి ఉంచుకోండి.

పాలకొల్లు డాబా:

నా పొరపాటు మరొకరికి జరగకుండా రాస్తున్నాను. మా ఇంట్లో 51.2 వోల్టుల లిథియం బ్యాటరీలు మూడు సమాంతరంగా ఉన్నాయి. పెట్టినవారు ప్లస్, మైనస్ రెండు కేబుళ్లనూ మొదటి బ్యాటరీ నుంచే ఇన్వర్టరుకు తీశారు, మిగతా రెండింటినీ దాని వెనుక గొలుసులాగా కలిపారు. ఏడాదిన్నర తరువాత మొదటిది మిగతా వాటికంటే ముందే ఖాళీ అవుతున్నట్టు తోచి, డి.సి. క్లాంపు మీటరు (కేబులు చుట్టూ పట్టి కరెంటు కొలిచేది) తెచ్చి చూశాను. 90 ఆంపియర్ల భారం మీద మొదటిది 41, రెండోది 28, మూడోది 21 ఇస్తున్నాయి. ఇంటి బరువంతా మోసే పెద్దకొడుకులా మొదటి బ్యాటరీయే అరిగిపోయింది.

ప్లస్‌ను మొదటి బ్యాటరీ నుంచి, మైనస్‌ను చివరి బ్యాటరీ నుంచి ఎదురుబొదురుగా తీసుకుంటే కొంత సమమవుతుంది, రెండు బ్యాటరీలకు అది చాలు. రెండు దాటితే రెండు రాగి బస్ బార్లు (కేబుళ్లన్నీ బిగించే మందపాటి పట్టీలు) పెట్టి, ప్రతి బ్యాటరీ నుంచి బస్ బారుకు ఒకే మందం, ఒకే పొడవు ఉన్న కేబుళ్లు వేయాలి. దగ్గర ఉన్నదానికి పొట్టిది చాలు కదా అని కత్తిరించకూడదు, మిగిలిన పొడవును మడిచి కట్టుకోవాలి. నేను అలా మార్పించాక 31, 30, 29 ఆంపియర్లు వచ్చాయి. లంక గారు ఇప్పుడు ఒకటే పెట్టినా, రెండోది పెట్టే ఆలోచన ఉంటే బస్ బార్లు ఇప్పుడే వేయించుకోవడం మేలు. రెండోదాన్ని కలిపే రోజున రెండింటినీ విడివిడిగా నిండా ఛార్జి చేసి, వోల్టేజీ సమానమయ్యాకే కలపండి. లేకపోతే నిండినదాని నుంచి ఖాళీదానిలోకి ఒక్కసారిగా వరదలా పారుతుంది.

భీమవరం వైరింగు:

నేను లైసెన్సు ఉన్న వైరింగు కాంట్రాక్టరును. ఇప్పటిదాకా అందరూ బ్యాటరీ వైపు మాట్లాడారు. నా అనుభవంలో పదింటిలో ఏడిళ్లలో అసలు తలనొప్పి న్యూట్రల్ (కరెంటు తిరిగి పోయే తీగ) దగ్గర వస్తుంది, కనుక దాని గురించి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిక పట్టండి.

మన డెల్టాలో పాత ఇళ్లలో ఇన్వర్టరు వైరింగు అంటే ఒకే ఒక్క ఫేజు తీగను లాగి, ఏ గదిలో ఏ ఫ్యాను కావాలో ఆ స్విచ్చుకు తగిలించడం అలవాటు. న్యూట్రల్ మాత్రం ఇల్లంతటికీ ఒకటే. చిన్న పాత ఇన్వర్టర్లకు అది ఎలాగో నడిచిపోయింది. కొత్త ఇన్వర్టర్లలో లైను పోగానే ఫేజు, న్యూట్రల్ రెండింటినీ విడగొట్టేవి చాలా ఉన్నాయి. వాటి బయటకు వచ్చే న్యూట్రల్‌ను మెయిన్ న్యూట్రల్‌తో ఎక్కడైనా, ఒక స్విచ్ బోర్డు వెనుకనైనా సరే, కలిపి ఉంచితే ఆర్.సి.సి.బి. (కరెంటు భూమికి కారితే లైనును తెంచే భద్రతా స్విచ్) ఊరికే పడిపోతుంది, అది లేని ఇంట్లో అయితే ఇన్వర్టరే కాలిపోవచ్చు. అందుకని అత్యవసర బోర్డుకు తన ఫేజు, తన న్యూట్రల్ లింకు (న్యూట్రళ్లన్నీ బిగించే పట్టీ), తన ఆర్.సి.సి.బి. ఉండాలి. ఆ బోర్డులోని ఏ ఒక్క న్యూట్రల్ కూడా పాత బోర్డులోకి వెళ్లకూడదు.

ఎలా సరిచూడాలంటే, మెయిన్ ఆపి, ఇన్వర్టరును విప్పి, రెండు బోర్డుల న్యూట్రల్ లింకుల మధ్య మల్టీమీటరు పెట్టండి. బీప్ వస్తే ఎక్కడో కలిసి ఉన్నట్టే. ఒక్కో న్యూట్రల్‌ను లింకు నుంచి విప్పుకుంటూ పోతే ఏ గదిది దొంగదో దొరుకుతుంది. ఈ పనికి ఒక పూట పడుతుంది, కొందరు మేస్త్రులు దీనికి బద్ధకిస్తారు. ఆ పూట కూలి దగ్గర బేరం ఆడకండి.

ఇక రెండో సంగతి. లైను ఉన్నంతసేపు మన న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర భూమితో కలిసి ఉంటుంది. లైను విడిపోయి బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు ఆ బంధం తెగిపోతుంది. అప్పుడు న్యూట్రల్ గాలిలో వేలాడుతున్నట్టే. టెస్టరు పెడితే రెండు రంధ్రాల్లోనూ వెలుగుతుంది. ఫ్రిజ్ బాడీకి కరెంటు వచ్చినా ఆర్.సి.సి.బి. పడదు, ఎందుకంటే కారిన కరెంటు తిరిగి ఇన్వర్టరుకు చేరే దారి లేదు. కనుక బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రమే న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపే రిలే ఇన్వర్టరులో ఉందో లేదో కొనేముందే అడగండి. లేకపోతే బయట కాంటాక్టరు (ఆ పనే చేసే విడి విద్యుత్ స్విచ్) పెట్టించవచ్చు. కొందరు న్యూట్రల్, ఎర్త్‌లను శాశ్వతంగా ఒక ముక్క తీగతో కలిపేస్తున్నారు. దయచేసి అలా చేయనివ్వకండి. తుపానులో స్తంభం మీద న్యూట్రల్ తెగడం మనకు కొత్త కాదు. అలా తెగినప్పుడు కరెంటు తిరిగి పోయే దారి మీ ఎర్త్ గొయ్యి అవుతుంది, ఇంట్లో ప్రతి ఇనుప వస్తువు బాడీకీ కరెంటు ఎక్కుతుంది.

రాజోలు మాస్టారు:

భీమవరం గారూ, తుపాను తరువాత కొందరు జనరేటరు తెచ్చి, రెండు వైపులా పిన్నులున్న తీగను గోడ సాకెట్‌లో గుచ్చి ఇల్లంతా వెలిగించుకోవడం నేను కళ్లారా చూశాను. మెయిన్ ఆపామా లేదా అన్నది వారి జ్ఞాపకశక్తి మీదే ఆధారపడి ఉంటుంది. చిన్న ఇన్వర్టర్లతో కూడా అలాగే చేస్తున్నారు. దీని గురించి కూడా ఒక మాట రాయండి.

భీమవరం వైరింగు:

అది నిండుప్రాణంతో ఆట, మాస్టారూ. చేతి నుంచి జారితే ఆ పిన్నే 230 వోల్టులు. మెయిన్ ఆపడం మరిచిపోతే ట్రాన్స్‌ఫార్మరు వెనుక నుంచి 11 కిలోవోల్టుల లైను బతుకుతుంది, అక్కడ పనిచేస్తున్న లైన్‌మన్‌కు ఆ సంగతి తెలియదు. జనరేటరుకు దారి కావాలంటే, ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి మార్చే రెండు పోళ్ల ఛేంజ్ ఓవర్ స్విచ్ పెట్టించుకోవాలి. దానిలో రెండు వైపులూ ఒకేసారి కలిసే అవకాశమే ఉండదు. అదే రకం స్విచ్ ఒకటి ఇన్వర్టరుకు బైపాస్‌గా కూడా పెట్టిస్తే, ఇన్వర్టరు మరమ్మతుకు వెళ్లిన రోజుల్లో అత్యవసర బోర్డు లైను మీద నడుస్తుంది.

అంతర్వేది తీరం:

మాది సముద్రానికి దగ్గర. ఉప్పుగాలి గురించి మాత్రమే చెబుతాను. కేబుళ్లు, వాటి కొనలకు బిగించే లగ్గులు తగరపు పూత ఉన్న రాగివే కొనండి. వట్టి రాగి లగ్గు మా దగ్గర రెండు వర్షాకాలాలకే పచ్చబడుతుంది, పచ్చబడిన చోట నిరోధం పెరుగుతుంది, అక్కడే వేడెక్కుతుంది. సుత్తితో కొట్టి బిగించిన లగ్గును ఒప్పుకోకండి, హైడ్రాలిక్ క్రింపింగ్ యంత్రంతోనే నొక్కించండి. మా ఇనుప ఎర్త్ పైపు కూడా ఉప్పునేలలో తినేసింది, రాగి పూత రాడ్డుకు మారాము.

గౌతమి లంక:

అందరికీ కృతజ్ఞతలు. మూడో పద్ధతికే నిర్ణయించుకున్నాము: 48 వోల్టుల 3 కిలోవాట్ల ఇన్వర్టరు, 5.12 యూనిట్ల లిథియం బ్యాటరీ ఒకటి, 540 వాట్ల పలకలు నాలుగు. మూడు ప్రశ్నలు మిగిలాయి. ఈ బ్యాటరీ రాత్రికి చాలుతుందా? ఫ్యూజు ఎంతది వేయాలి, బ్యాటరీలోనే బి.ఎం.ఎస్. (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) ఉంది కదా, అది చాలదా? ఎలక్ట్రీషియన్ ఒకాయన మామూలు 63 ఆంపియర్ల ఎం.సి.బి. (కరెంటు మించితే తెంచే బ్రేకరు) చాలంటున్నారు, నిజమేనా?

తణుకు ఇంజినీరు:

మీవి బి.ఎల్.డి.సి. (తక్కువ కరెంటు తినే కొత్త రకం) ఫ్యాన్లయితే అయిదింటికి 150 వాట్లు, లైట్లు, ఫోన్లకు 50, ఫ్రిజ్‌కు సగటున 60. మొత్తం 260 వాట్లు. పన్నెండు గంటలకు 3.1 యూనిట్లు. ఇన్వర్టరు నష్టాలు, అది ఊరికే ఉన్నా తినే కరెంటు కలిపితే నాలుగు యూనిట్లు అవుతుంది. 5.12లో పది శాతం అట్టడుగున వదిలేసినా సరిపోతుంది, కాని పెద్దగా మిగలదు. పాత రకం 75 వాట్ల ఫ్యాన్లయితే సరిపోదు. రెండో బ్యాటరీ కొనడం కంటే ముందు ఫ్యాన్లు మార్చండి, అదే చవక. మోటారును ఎండ ఉన్నప్పుడే వేయండి. ఒక హార్స్ పవర్ మోటారు మొదలయ్యేటప్పుడు నాలుగు నుంచి ఆరు రెట్లు లాగుతుంది, ఇన్వర్టరు ఆ క్షణాన్ని తట్టుకోగలదో లేదో దాని పత్రంలో చూసుకోవాలి. మబ్బు కమ్మిన రోజున మామూలు ఉత్పత్తిలో అయిదో వంతు కూడా రాకపోవచ్చు కనుక, తుపాను కబురు రాగానే లైను కరెంటుతోనే బ్యాటరీని నిండా నింపి ఉంచండి.

ఫ్యూజు విషయంలో రాజీ పడవద్దు. బి.ఎం.ఎస్. ఒక ఎలక్ట్రానిక్ కాపలాదారు. దానిలోని స్విచ్చులు కాలిపోయేటప్పుడు మూసుకున్న స్థితిలోనే అతుక్కుపోవచ్చు, అప్పుడు ఇక కాపలా లేనట్టే. షార్టు అయితే ఈ బ్యాటరీ వేల ఆంపియర్లు కక్కుతుంది. అంత కరెంటును తెంచగల సామర్థ్యం ఉన్న డి.సి. ఫ్యూజును, క్లాస్ టి రకం దొరికితే అదే, 100 ఆంపియర్లది, బ్యాటరీ ప్లస్ కొనకు వీలైనంత దగ్గరగా పెట్టండి. ఫ్యూజు కాపాడేది ఇన్వర్టరును కాదు, కేబులును. కనుక అది మీ 72 ఆంపియర్ల కంటే ఎక్కువగా, కేబులు మోయగలిగినదానికంటే తక్కువగా ఉండాలి. 35 చదరపు మిల్లీమీటర్ల కేబులుకు 100 సరైనది.

ఎ.సి. ఎం.సి.బి. మాత్రం ఎంతమాత్రం వద్దు. ఎ.సి. కరెంటు సెకనుకు వందసార్లు సున్నా అవుతుంది, బ్రేకరు కొనలు విడిపోయేటప్పుడు వచ్చే మెరుపు ఆ సున్నా దగ్గర దానంతట అదే ఆరిపోతుంది. డి.సి.కి సున్నా లేదు. విడిపోయిన కొనల మధ్య మెరుపు అలాగే మండుతూ ఉంటుంది, ఎం.సి.బి. డబ్బా కరిగిపోతుంది. డి.సి. బ్రేకర్లలో కూడా కొన్నింటికి ప్లస్, మైనస్ దిక్కు రాసి ఉంటుంది. బ్యాటరీలోకి, బ్యాటరీ నుంచి రెండు వైపులా కరెంటు పారుతుంది కనుక దిక్కు లేని రకమే తీసుకోవాలి.

పలకలు నాలుగింటిని రెండేసి వరుసగా, ఆ రెండు వరుసలు సమాంతరంగా కలపండి. ఒక్కో పలక ఖాళీ వోల్టేజీ (భారం ఏదీ కలపనప్పటిది) 50కి దగ్గర కనుక వరుసకు 100 వోల్టులు వస్తుంది. మన దగ్గర తెల్లవారుజామున చలిలో రెండు మూడు వోల్టులు పెరిగినా, 145 వోల్టుల హద్దు ఉన్న ఛార్జరుకు అది క్షేమమే.

భీమవరం వైరింగు:

ఒక చిన్న చేర్పు. బ్యాటరీని మొదటిసారి తగిలించేటప్పుడు ఇన్వర్టరులోని కెపాసిటర్లు ఒక్కసారిగా నిండడం వల్ల టప్పున నిప్పురవ్వ వస్తుంది, బ్రేకరు కొనలు గుంటలు పడతాయి. బ్యాటరీలో ప్రీఛార్జి లేకపోతే ముందుగా ఒక రెసిస్టరు ద్వారా కొన్ని సెకన్లు కలిపి, ఆ తరువాతే నేరుగా కలపమనండి. బ్యాటరీకి, ఇన్వర్టరుకు మధ్య కమ్యూనికేషన్ కేబులు కూడా తప్పక వేయించండి. అది ఉంటే ఎంత వోల్టేజీ దాకా నింపాలో, ఎప్పుడు ఆపాలో బ్యాటరీయే ఇన్వర్టరుకు చెప్పుకుంటుంది.

గౌతమి లంక:

పని పూర్తయింది కనుక వివరాలు రాస్తున్నాను, మా వంటి ఊళ్ల వారికి పనికివస్తుందని.

మెట్ల మలుపు గోడకు ఇన్వర్టరు, దాని పక్కన బ్యాటరీ, మధ్యలో ఒకటిన్నర మీటరు కేబుళ్లు, రెండు బస్ బార్లు. కింది నుంచి పైకి ఒక 4 చదరపు మిల్లీమీటర్ల వైరు జత, పైనుంచి అత్యవసర బోర్డుకు మరొక జత వేశారు. అత్యవసర బోర్డును కూడా మేకు గుర్తుకంటే పైకి తెచ్చాము. మొదటి రోజు లైను ఆపి చూస్తే ఆర్.సి.సి.బి. వెంటనే పడిపోయింది. భీమవరం గారు చెప్పినట్టే న్యూట్రళ్లు విప్పుకుంటూ పోతే, వంటింటి లైటు న్యూట్రల్ హాలు బోర్డు వెనుక పాత న్యూట్రల్‌తో కలిసి ఉంది. గోడ కట్టినప్పుడే ఎవరో కలిపి, పైన టేపు చుట్టి వదిలేశారు. అది విడదీశాక ఇక పడలేదు.

న్యూట్రల్‌ను ఎర్త్‌తో కలిపే రిలే ఈ ఇన్వర్టరులోనే ఉంది, కాని సెట్టింగులో ఆపి ఉంది. అది ఆపి ఉన్నంతసేపు బ్యాటరీ మీద నడుస్తున్నప్పుడు న్యూట్రల్, ఎర్త్ మధ్య 110 వోల్టులు చూపింది. సెట్టింగు మార్చాక ఒక వోల్టు కూడా లేదు, ఆర్.సి.సి.బి. పరీక్ష మీట నొక్కితే పడుతున్నది, బల్బుతో కావాలని ఎర్త్‌కు కారించి చూసినా పడుతున్నది. పెట్టినవారు ఆ సెట్టింగు సంగతే చెప్పలేదు. ఈ చర్చ చదవకపోతే మేము అడిగేవాళ్లమే కాదు.

రాత్రి ఏడింటికి లైను ఆపి తెల్లవారి ఏడింటి దాకా నడిపాము. బ్యాటరీ 100 నుంచి 27 శాతానికి వచ్చింది. మర్నాడు ఎండలో మధ్యాహ్నం రెండింటికి మళ్లీ నిండింది.

తణుకు ఇంజినీరు:

27 మిగలడం చాలా బాగుంది. ఒక నెల తరువాత, రాత్రి భారం మీద ఉన్నప్పుడు బస్ బారు దగ్గర ప్రతి బోల్టును, లగ్గును ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరుతో చూడండి. ఏదైనా పక్కవాటికంటే పది డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటే, బ్యాటరీని ఆపి దాన్ని విప్పి శుభ్రం చేసి మళ్లీ బిగించాలి.

గౌతమి లంక:

తప్పకుండా చూస్తానండీ. థర్మామీటరు అమలాపురంలో దొరికింది. బ్యాటరీ ఎలా ఆపాలో, బైపాస్ స్విచ్ ఎటు తిప్పాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి, ప్లాస్టిక్ కవరు వేసి గోడకు అంటించాము. నేను ఇంట్లో లేని రోజున అమ్మ చూసి చేయగలిగేలా అక్షరాలు పెద్దవిగా రాశాను. నిన్న ఆమె చేత ఒకసారి చేయించి చూశాను, రెండు నిమిషాల్లో సరిగ్గా తిప్పింది.